గచ్చు: మాట ప్రయాణం, పదార్థం మార్పు

హిజ్రీ 221 (క్రీ.శ. 836)లో అబ్బాసీ ఖలీఫా ముఅతసిమ్ బిల్లాహ్ బాగ్దాదును విడిచి, టైగ్రిస్ నదీతీరాన సామర్రాను రాజధానిగా నిర్మించాడు. త్వరత్వరగా వెలసిన ఆ నగరంలో గోడలు చాలావరకు పచ్చి ఇటుకవే. ఇండ్లలో ఆ మట్టిగోడలకు జిప్సం పూత పూసి, క్రింది భాగాన ద్రాక్షతీగలు, ఆకులు చెక్కేవారు.

జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చి, పొడిచేసి, నీరు కలిపితే కొద్ది నిమిషాలలోనే గట్టిపడుతుంది. అందుచేత పనివానికి చేతివేగం ముఖ్యం. ఏటవాలు కోతల నమూనాలు వచ్చాక, ఒకే అచ్చుతో గది పొడవునా అలంకరించడం సులువయింది. సామర్రాలో పెరిగిన అహ్మద్ ఇబ్ను తూలూన్ హి. 265 (879)లో ఈజిప్టులో ముగించిన మస్జిదులోనూ ఈ పనితనం కనిపిస్తుంది.

హి. 279 (892)లో రాజధాని తిరిగి బాగ్దాదుకు మారింది. మిగిలిన పూతలను జర్మన్ పండితుడు హెర్జ్‌ఫెల్డ్ 1911-13 త్రవ్వకాలలో వెలికితీశాడు.

జిప్సాన్ని పారసీకంలో ‘గచ్’ అంటారు. తెలుగువారి ‘గచ్చు’ ఆ మాటే. అయితే జిప్సం వానకు కరుగుతుంది. కనుక దక్కనులో కుతుబ్‌షాహీల మేస్త్రీలు సున్నాన్ని ఆశ్రయించారు. అది గాలిని పీల్చుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. 1591నాటి చార్మినార్ మీది అలంకరణ ఈ సున్నపు పనే.

మాట పరదేశం నుండి వచ్చింది. పదార్థాన్ని నిర్ణయించింది మాత్రం ఇక్కడి వాన. ఇస్లామీయ కళ అంతటా ఒకే మూసలో పోసినదని భావించేవారు గమనించవలసిన విషయమిది. ఖలీఫాల, సుల్తానుల పేర్లు గ్రంథాలలో నిలిచాయి. వాతావరణాన్ని గ్రహించి పనిని మలచుకొన్న మేస్త్రీల విజ్ఞానానికి ఆ గోడలే సాక్ష్యం.