తలపాగా, తోలుటోపీ, శిరస్త్రాణం

2019 వేసవిలో మూడు నెలలు ఇంగ్లండులో మా అబ్బాయి వద్ద ఉన్నాను. వారి పొరుగున ఒక వృద్ధుడు ఉండేవారు. ఆయన వద్ద 1940ల నాటి ఎమ్‌జీ టీసీ అనే చిన్న స్పోర్ట్స్ కారు ఉన్నది. రెండే ఆసనాలు, సైకిలు చక్రాలవలె ఊచలున్న సన్నని చక్రాలు, మోచేయి ఆనించుకొనేటంత పల్లపు తలుపులు. పైకప్పు విప్పి వెనుకకు మడిచి ఉంచేవారు. ఒక ఆదివారం ఉదయం నన్ను షికారుకు రమ్మన్నారు.

నేను మామూలుగా పంచె, లాల్చీ, పైన కండువా వేసుకొని బయలుదేరాను. నెత్తిన మా అబ్బాయి కొనిపెట్టిన నూలుటోపీ. ఊరు దాటి మొదటి మలుపు తిరగగానే టోపీ లేచి పొలాలలోకి పోయింది. నేను నవ్వాను, ఆయన మాత్రం నవ్వలేదు. కారు ప్రక్కకు ఆపి, దిగి, నా వైపు వచ్చారు. తలుపు మీదుగా బయటకు వ్రేలాడుతున్న నా కండువా కొంగును రెండు చేతులతో పైకి తీసి, మడిచి, నా ఒళ్ళో పెట్టారు. "ఇసడోరా" అని ఒక్క మాట అన్నారు. ఆ తరువాత ఆసనం క్రింద నుండి ఒక పాత తోలుటోపీ తీసి నాకు ఇచ్చారు.

ఆ ఒక్క మాటకు అర్థం ఆ రాత్రి మా అబ్బాయి చెబితే గాని తెలియలేదు. తెలిసిన తరువాత చాలాసేపు నిద్ర పట్టలేదు. కప్పులేని కారులో తలకు ఏమి పెట్టుకోవాలి అన్న ప్రశ్న వేడుకకు సంబంధించినది కాదని అప్పుడు గ్రహించి, దాని చరిత్ర తెలుసుకొనడం మొదలుపెట్టాను. అందులో సారమనిపించినది ఈ టపాలో చదువరుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా మాటల సంగతి. మన భాషలో తలకు పెట్టుకొనే వాటికి రెండు వేరువేరు పేర్లు ఉన్నవి. ఒకటి ఉష్ణీషం. ఉష్ణాన్ని పోగొట్టేది కనుక ఆ పేరని వ్యుత్పత్తి చెబుతారు. రెండవది శిరస్త్రాణం, అనగా శిరస్సును రక్షించేది. మొదటిది ఎండకు, మర్యాదకు; రెండవది దెబ్బకు. మర్యాదకై తలను మార్చుకొనవలసిన అవస్థ మన శ్రీనాథునికీ తప్పలేదు. కర్ణాట రాజాస్థానానికి వెళ్ళినప్పుడు కుళ్ళాయి పెట్టుకొనవలసి వచ్చినందుకు ఆయన వాపోయిన చాటువు మనకు తెలిసినదే. కారులో తలకు పెట్టుకొనేదాని కథ అంతా ఉష్ణీషం శిరస్త్రాణంగా మారిన కథయే. ఆ మార్పుకు ఎక్కువ కాలం పట్టింది, కొన్ని ప్రాణాలు కూడా పోయినవి.

కార్ల్ బెంజ్ తన మోటారు బండికి 1886లో పేటెంటు పొందారు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా ఆ తరహా బండిలోనే వెళ్ళింది. దానికి కప్పు లేదు, ముందు అద్దమూ లేదు. ఆనాటి మార్గాలు మట్టిబాటలు. వేగం పెరిగినకొద్దీ ధూళి, పురుగులు, వాన తిన్నగా ముఖానికే కొట్టేవి. అందుకని తొలితరం మోటారు యాత్రికులు నిలువెల్లా కప్పే పొడవాటి కోట్లు, కళ్ళకు గాగుల్స్ ధరించేవారు. ఆ కాలపు స్త్రీల టోపీలు చేటలంత వెడల్పు. వాటిని జుట్టుకు పొడవాటి సూదులతో గుచ్చి నిలిపేవారు. గాలికి ఆ సూదులు చాలవు. కనుక టోపీ మీదుగా పలుచని మేలిముసుగు వేసి, దాని కొసలు గడ్డం క్రింద ముడివేసే పద్ధతి వచ్చింది.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా ఆలోచించిన స్త్రీ డరతీ లెవిట్. 1906లో బ్లాక్‌పూల్‌లో గంటకు 96 మైళ్ళ వేగంతో కారు నడిపిన సాహసి ఆమె. 1909లో స్త్రీల కోసం కారు నడపడంపై ఒక పుస్తకం వ్రాసింది. కారు నడిపేటప్పుడు లేసులు, జాలరులు, ఎగిరే అలంకారాలు ఏవీ వద్దని అందులో గట్టిగా చెప్పింది. చేతి అద్దం ఒకటి అందుబాటులో ఉంచుకొని, అప్పుడప్పుడు ఎత్తి వెనుక వచ్చే బండ్లను చూసుకోమన్నది కూడా ఆమెయే. వెనుక చూపు అద్దం కార్లకు మామూలు వస్తువు కాకమునుపటి మాట ఇది.

పురుషులకు ఇంగ్లండులో అప్పటికే ఉన్న బల్లపరుపు ఉన్నిటోపీ అక్కరకు వచ్చింది. ఉన్నిటోపీల చరిత్ర కూడా వింతైనదే. ఆరేళ్ళు దాటినవారు, ప్రభువర్గం వారు తప్ప, ఆదివారాలలోను పండుగలలోను స్వదేశీ ఉన్నిటోపీ పెట్టుకొని తీరాలని 1571లో పార్లమెంటు చట్టం చేసింది. ఉన్ని వ్యాపారాన్ని నిలబెట్టడం దాని ఉద్దేశం. 1597లో చట్టం రద్దయింది గాని అలవాటు మిగిలింది. ఆ టోపీ ముందరి అంచు పొట్టి, పైభాగం దానిపైకి వాలి ఉంటుంది. కనుక గాలికి పట్టు దొరకదు. పందెగాళ్ళు దానిని కూడా వెనుక ముందు చేసి, అంచు మెడ మీదికి వచ్చేటట్లు పెట్టుకొనేవారు.

అది ఎందుకో కొంచెం చెప్పాలి. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వద్ద టోపీని ఎంత బలం లాగుతుందో 80 వద్ద దానికి నాలుగు రెట్లు లాగుతుంది. ముందు అద్దం ఉన్నంత మాత్రాన రక్షణ పూర్తి కాదు. అద్దం అంచు దాటిన గాలి వెనుక సుడి తిరిగి, ఆసనాల వెనుక నుండి మళ్ళీ మెడ మీదికి వస్తుంది. కప్పులేని కారులో జుట్టు ఒక్కొక్కప్పుడు ముందుకు, ముఖం మీదికి ఎగరడానికి కారణం ఇదే. అంటే టోపీకి ముందు నుండీ వెనుక నుండీ శత్రువులే. నా నూలుటోపీకి పట్టిన గతి ఏమిటో ఇప్పుడు నాకు బోధపడింది.

ఇక ఇసడోరా. ఇసడోరా డంకన్ 1877లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన నర్తకి. వట్టి పాదాలతో, ప్రాచీన గ్రీకు శిల్పాలను తలపించే జారుడు వస్త్రాలతో నాట్యం చేసి ఐరోపాను ముగ్ధురాలిని చేసింది. 1927 సెప్టెంబరు 14 రాత్రి ఫ్రాన్సులోని నీస్ నగరంలో సముద్రపు ఒడ్డు మార్గాన అమిల్‌కార్ అనే చిన్న కారు ఎక్కింది. మెడకు చిత్రాలద్దిన పొడవైన పట్టు ఉత్తరీయం ఉన్నది. కారు కదలగానే దాని కొస చక్రపు ఊచలలో చుట్టుకొన్నది. క్షణంలో మెడ విరిగి ఆమె మరణించింది. ఆమె ఉత్తరీయానికి, నా కండువాకు నేత తప్ప భేదమేమున్నది? మన దేశంలో మోటారు సైకిలు వెనుక కూర్చున్న స్త్రీల చీరకొంగు, చున్నీ చక్రంలో చిక్కుకొనే ప్రమాదాలు కొత్తవి కావు. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో వెనుక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని విధించారు. మనం వాడుకలో శారీగార్డు అంటున్నది దానినే.

విమానాలు వచ్చిన తరువాత వైమానికుల తోలుటోపీ కారులోకీ దిగివచ్చింది. చెవులు కప్పి, గడ్డం క్రింద పట్టీతో బిగిసి ఉండేది కనుక ఎగిరిపోదు. 1930లలో మహావేగంతో పందెపు కార్లు నడిపినవారి తలలపై ఉన్నవి ఈ తోలుటోపీలు, లేదా నారబట్ట టోపీలు. అవి గాలిని ఆపుతాయి. నేలను ఆపలేవు. అవి ఉష్ణీషాలే గాని శిరస్త్రాణాలు కావు.

శిరస్త్రాణం అవసరమని మొదట గుర్తించినది వైద్యులు. బ్రూక్‌లాండ్స్ పందెపు మైదానంలో తలదెబ్బలను చూసి చూసి విసిగిన ఎరిక్ గార్డ్‌నర్ అనే వైద్యుడు, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీ చేయించాడు. 1914లో మోటారు సైకిలు పందెాలలో అది తప్పనిసరి అయింది. సామాన్య జనం మాత్రం పట్టించుకోలేదు. 1935 మే 13న అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్స్ తన మోటారు సైకిలుపై వెళుతూ, సైకిళ్ళపై ఉన్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. ఆరు రోజులకు, 46వ ఏట మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆ మరణం ఆయనను వదలలేదు. మోటారు సైకిలు ప్రమాదాలలో తలదెబ్బలను పరిశీలించి 1941లో వ్యాసం ప్రకటించాడు. అదే ఏడాది బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. గ్రాండ్ ప్రి కారు పందెాలలో గట్టి హెల్మెట్ నియమం 1952లో గాని రాలేదు. ముఖమంతా కప్పే హెల్మెట్‌ను డాన్ గర్నీ ఫార్ములా వన్‌లోకి 1968లో తెచ్చాడు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. 1980లలో నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒకాయన స్కూటరుపై బడికి వచ్చేవారు. ఎవరో హెల్మెట్ బహూకరిస్తే, "బోర్లించిన చట్టి" అని మేమందరం ఎగతాళి చేశాము. ఆ ఎగతాళిలో నా గొంతే పెద్దది. పండితుణ్ణి కదా, దానిపై ఒక ఆశుపద్యం కూడా చెప్పాను. ఆయన దానిని ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించారు. ఏడాది తిరగకుండా, బడికి వస్తుండగా స్కూటరు జారి పడి తలకు దెబ్బ తగిలి పోయారు. ఒంటి మీద ఇంకెక్కడా గాయం లేదు. పరామర్శకు వెళ్ళిన నాకు ఆ కొయ్యకు వ్రేలాడుతున్న హెల్మెట్ కనిపించింది. ఆ పద్యం మళ్ళీ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షనుతో దేశమంతటా హెల్మెట్ విధి అయింది. తలపాగా ధరించే సిక్కులకు అందులో మినహాయింపు ఉన్నది.

కప్పులేని కారు మాత్రం ఈ లోపల మరొక దారి పట్టింది. 1919లో అమెరికా కార్లలో పదింట తొమ్మిది కప్పులేనివి. పదేళ్ళలో ఆ లెక్క తలక్రిందులైంది. కప్పు వచ్చాక కారులో టోపీతో పని తప్పింది. కప్పులేనితనం అవసరం పోయి సరదాగా మిగిలింది. జపానువారి మాజ్డా ఎమ్‌ఎక్స్-5 1989లో వచ్చి, 2016 నాటికి పదిలక్షలు తయారైనదంటే ఆ సరదా ఎంతటిదో తెలుస్తుంది.

కనుక ఏమి పెట్టుకోవాలి? మామూలు రోడ్డు మీద, సీటు బెల్టు పెట్టుకొని వెళ్ళేవారికి తలకు బిగువుగా పట్టి, అంచు పొట్టిగా ఉండే టోపీ చాలు. రుమాలు కట్టుకొంటే కొసలు మెడ వెనుకకు తిప్పి ముడివేసి, చొక్కా లోపలికి దోపుకోవాలి. పందెపు మైదానంలోనైతే శిరస్త్రాణమే. స్కూటరు మీద, బజారు వరకే అయినా, శిరస్త్రాణమే.

తరువాతి ఆదివారం ఆ వృద్ధుడు మళ్ళీ పిలిచారు. తోలుటోపీ పెట్టుకొని, గడ్డం క్రింద పట్టీ బిగించుకొని వెళ్ళాను. అద్దంలో చూసుకొంటే విదూషకునివలె ఉన్నాను. కండువాను మాత్రం ఇంట్లోనే కొయ్యకు తగిలించాను. కొయ్యకు తగిలించవలసినది ఏదో, తలకు పెట్టుకోవలసినది ఏదో తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.