రక్షణకు ఒక చట్టం, సేకరణకు మరొకటి: జంషెడ్‌పూర్ నేల చరిత్ర

ఛోటానాగ్‌పూర్ పీఠభూమి చరిత్రలో 1908 ఒక విచిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది నవంబర్ 11న ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం అమల్లోకి వచ్చింది. ఆదివాసీ రైతు భూమి వడ్డీ వ్యాపారుల, జమీందార్ల చేతుల్లోకి జారిపోకుండా ఆపడం దాని ఉద్దేశం. అదే ఏడాది, అదే పీఠభూమి అంచున, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లెలో టాటా ఉక్కు కర్మాగారానికి పనులు మొదలయ్యాయి. దానికి కావలసిన భూమి 1894 నాటి భూసేకరణ చట్టం ద్వారా సమకూరింది. ఒక చట్టం రైతు భూమికి కంచె వేస్తుండగా, మరొక చట్టం ఆ కంచెకు ద్వారం తెరిచింది. జంషెడ్‌పూర్ చుట్టుపక్కల వ్యవసాయ భూమిపై నూట పదిహేనేళ్లకు పైగా సాగుతున్న వివాదాలలో చాలా వాటి మూలం ఈ జంట నిర్మాణంలోనే ఉంది.

కౌలు చట్టం పాలకుల దయాగుణం వల్ల పుట్టలేదు. 1831-32 కోల్ తిరుగుబాటు, ఆ వెంటనే భూమిజుల తిరుగుబాటు ఈ ప్రాంతాన్ని కుదిపివేశాయి. సాధారణ చట్టాలతో ఇక్కడ పాలన సాగదని గ్రహించిన కంపెనీ ప్రభుత్వం 1833లో ప్రత్యేక రెగ్యులేషన్ తెచ్చింది. అయినా భూమి చేజారడం ఆగలేదు. అడవి నరికి పొలం చేసిన కుటుంబాలకు సంక్రమించిన ఖుంట్‌కట్టీ హక్కు కచేరీ కాగితాలలో కనిపించేది కాదు. కాగితం చేతిలో ఉన్న బయటివాడే కోర్టులో గెలిచేవాడు. ఆ బయటివారిని ఆదివాసులు ‘దీకు’లన్నారు. 1899-1900లో బిర్సా ముండా నాయకత్వాన సాగిన ఉల్‌గులాన్ ఈ అన్యాయంపైనే. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైలులో మరణించాడు. తరువాతి సర్వే, సెటిల్‌మెంట్ పనులలో ముండాల భూమి పద్ధతులను నమోదు చేశారు. చట్టం రూపకల్పనలో జాన్ హాఫ్‌మన్ అనే జెస్యూట్ మతాచార్యుడి పాత్ర కూడా ఉంది. అందువల్లనే అది మిగతా వలస చట్టాలకన్నా భిన్నంగా, స్థానిక ఆచారాన్ని గుర్తించిన చట్టంగా నిలిచింది.

ఆ చట్టానికి ప్రాణం 46వ సెక్షన్. మొదట అది రైతు అమ్మకాలను, దీర్ఘకాల కౌళ్లను నిషేధించింది. 1947 సవరణ నాటికి దానికి నేటి రూపం వచ్చింది. షెడ్యూల్డ్ తెగకు చెందిన రైతు తన భూమిని అదే పోలీసు ఠాణా పరిధిలో నివసించే మరో ఆదివాసీకి మాత్రమే, అదీ డిప్యూటీ కమిషనర్ అనుమతితోనే అమ్మాలి. షెడ్యూల్డ్ కులాల, వెనుకబడిన తరగతుల రైతులు అదే జిల్లాలోని తమ వర్గంవారికి మాత్రమే బదలాయించవచ్చు. తెలుగు రాష్ట్రాలలో కలెక్టర్‌కు ఉన్న స్థానం అక్కడ డిప్యూటీ కమిషనర్‌ది.

అయితే ఇదే చట్టంలోని 49వ సెక్షన్ మరో మాట చెబుతుంది. నిర్దిష్ట ప్రయోజనాల కోసం, డిప్యూటీ కమిషనర్ సమ్మతిస్తే, ఈ కట్టుబాట్లను దాటి భూమిని బదలాయించవచ్చు. ఆ ప్రయోజనాలలో పరిశ్రమ, గనులు ఉన్నాయి. ఇక ప్రభుత్వమే భూసేకరణకు దిగితే 46వ సెక్షన్‌కు పనే లేదు. పొరుగూరి వ్యాపారికి పదెకరాలు అమ్మడం చట్టవిరుద్ధం; కంపెనీ కోసం ఊళ్లకు ఊళ్లు సేకరించడం చట్టబద్ధం. రెండు సందర్భాలలోనూ తుది నిర్ణయం రైతుది కాదు, అధికారిది.

సాక్చి పరిసర గ్రామాలు ధల్‌భూమ్ జమీందారీలోనివి. సంతాలులు, హోలు, భూమిజులు, కుడ్మి మహతోలు అక్కడ సేద్యం చేసేవారు. 1908 నుంచి దశాబ్దకాలంలో విడతలు విడతలుగా వేల ఎకరాలు కంపెనీకి చేరాయి. 1911 చివర ఇనుము, 1912 తొలినాళ్లలో ఉక్కు వెలువడ్డాయి. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి రైల్వేస్టేషన్ టాటానగర్ అయింది. ఊళ్ల పేర్లు నగరంలోని పేటల పేర్లుగా మిగిలాయి. ఆ ఊళ్లలో సాగు హక్కు ఉన్న కుటుంబాలు మాత్రం రికార్డుల నుంచి తప్పుకున్నాయి. పరిహారం ఒక్కసారి చెల్లింపుతో ముగిసింది; పునరావాసమనే భావన 1894 చట్టంలో లేదు.

స్వాతంత్ర్యం తరువాత కథ మరో మలుపు తిరిగింది. 1950 నాటి బీహార్ భూసంస్కరణల చట్టం జమీందారీలను రద్దు చేసి, మధ్యవర్తుల హక్కులన్నిటినీ రాష్ట్రానికి దఖలు పరచింది. జమీందారు కింద సాగుచేస్తున్న రైతు నేరుగా ప్రభుత్వ రైతు అయ్యాడు. మరి ఒక నగరాన్నే ఏలుతున్న కంపెనీ సంగతేమిటి? కంపెనీకీ రాష్ట్రానికీ మధ్య చాలాకాలం వివాదం సాగింది. చివరకు 1972లో ప్రత్యేక సవరణ తెచ్చి, కంపెనీని రాష్ట్రం కింద లీజుదారుగా గుర్తించారు. ఆ లీజుపై సంతకాలు జరిగింది 1985లో. 1956 జనవరి 1 నుంచి నలభై ఏళ్లకు వర్తించేలా, దాదాపు 12,700 ఎకరాలకు దానిని రాశారు. 2005లో జార్ఖండ్ ప్రభుత్వం దానిని 1996 నుంచి మరో ముప్పై ఏళ్లకు, అంటే 2025 డిసెంబర్ 31 వరకు పొడిగించింది. ఈసారి విస్తీర్ణం దాదాపు 10,850 ఎకరాలకు తగ్గింది. కార్మికులు, వలసజీవులు ఇళ్లు కట్టుకున్న 86 బస్తీల నేలను లీజు నుంచి మినహాయించారు. ఆ బస్తీలకు యాజమాన్య హక్కు ఇస్తామన్న వాగ్దానం ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తూనే ఉంది.

ఈ లీజులో పక్షాలు రెండే: ప్రభుత్వం, కంపెనీ. భూసంస్కరణల స్ఫూర్తి ‘దున్నేవాడిదే భూమి’ అయినప్పుడు, జమీందారీ రద్దయిన నాడు ఆ నేలను ఒకప్పుడు దున్నిన కుటుంబాల ప్రస్తావన రావలసింది. కానీ వారి హక్కు అప్పటికే సేకరణ చట్టం కింద ముగిసిపోయినట్లు లెక్క. మూలవాసుల సంఘాలు నేటికీ లేవనెత్తుతున్న ప్రశ్న ఇదే. చట్టం దృష్టిలో దానికి బలం తక్కువ. రాజకీయంగా మాత్రం దానిని కొట్టివేయడం కష్టం.

నగరానికి వెలుపల మిగిలిన రైతుల చిక్కులు వేరు. పరిశ్రమ వచ్చాక పొలాల ధర పెరిగింది. దానితోపాటు దొంగదారులూ పెరిగాయి. రైతు భూమిని జమీందారుకు ‘వదులుకున్నట్లు’ రాయించి, జమీందారు చేత దానిని బయటివారికి ఇప్పించడం ఒక పద్ధతి. కోర్టులో ఉత్తుత్తి దావా వేసి, రాజీ డిక్రీ పొందడం మరొకటి. వీటిని అరికట్టేందుకు 1969లో బీహార్ షెడ్యూల్డ్ ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. దాని ద్వారా చేరిన 71ఎ సెక్షన్, అక్రమంగా చేజారిన భూమిని తిరిగి ఇప్పించే అధికారం డిప్యూటీ కమిషనర్‌కు కల్పించింది. అయితే అందులోనూ ఒక వెసులుబాటు చేరింది. ఆక్రమించినవాడు అప్పటికే గట్టి కట్టడం కట్టి ఉంటే, పరిహారం ఇచ్చి భూమిని ఉంచుకోవచ్చు. నగరం అంచున ఇల్లు లేవని నేల ఎంతని? 2004లో సీతూ సాహూ కేసులో, దశాబ్దాలు గడిచాక భూమి వాపసు కోరడం సహేతుకం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు మెట్లెక్కడానికి ఒక తరం పట్టే సమాజానికి ఆ తీర్పు పెద్ద దెబ్బ.

రక్షణకు రైతు చెల్లించే మూల్యమూ ఉంది. అమ్ముడుపోని భూమి బ్యాంకు దృష్టిలో బలమైన తాకట్టు కాదు. ఎవరు పడితే వారు వేలంలో కొనలేని పొలంపై అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. 21వ సెక్షన్ ప్రకారం భూమిని సాగుకు, దానికి అనుబంధమైన పనులకే వాడాలి. కాబట్టి శీతల గిడ్డంగికో, ధాన్యం మిల్లుకో తలపెట్టే రైతు కూడా చిక్కుల్లో పడతాడు. చట్టాన్ని మార్చాలనేవారి వాదనలో నిజమున్న భాగం ఇది.

2016లో రఘువర్ దాస్ ప్రభుత్వం ఈ వాదననే ముందుకు తెచ్చింది. జంషెడ్‌పూర్ తూర్పు స్థానం నుంచి 1995 మొదలు వరుసగా గెలుస్తూ వచ్చిన నాయకుడాయన. జార్ఖండ్‌కు తొలి ఆదివాసేతర ముఖ్యమంత్రి. సాగుభూమిని ఇతర అవసరాలకు వాడుకునేలా 21వ సెక్షన్‌ను, రోడ్లు, పైపులైన్లు, విద్యుత్ లైన్ల వంటి వాటికీ బదలాయించేలా 49వ సెక్షన్‌ను సవరించే బిల్లును నవంబర్‌లో శాసనసభ ఆమోదించింది. అంతకు ముందే ఖూంటీ జిల్లాలో పోలీసు కాల్పులకు ఒక ఆదివాసీ బలయ్యాడు. 2017లో గవర్నర్ ద్రౌపది ముర్ము బిల్లును తిప్పి పంపారు. ప్రభుత్వం దానిని ఉపసంహరించుకుంది. అదే ఏడాది భూసేకరణ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, పలు ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనాను మినహాయించింది. దానికి 2018లో రాష్ట్రపతి ఆమోదం లభించింది. కౌలు చట్టంలో మూసుకున్న తలుపు సేకరణ చట్టంలో తెరుచుకుంది. 2019 ఎన్నికలలో బీజేపీకి 28 ఆదివాసీ స్థానాల్లో దక్కినవి రెండే. జంషెడ్‌పూర్ తూర్పులో ముఖ్యమంత్రే ఓడిపోయారు. ఆ ఓటమికి కారణాలు అనేకం ఉన్నా, భూమి వాటిలో ఒకటి.

తెలుగు నేలపై ఈ చర్చ కొత్తది కాదు. 1917 ఏజెన్సీ చట్టం, 1959 రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ అయిన 1/70 ఇదే వరుసలోనివి. 1/70 మరో అడుగు ముందుకేసి, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య బదలాయింపులను కూడా నిషేధించింది. 1997 సమతా తీర్పు ఇంకా ముందుకు వెళ్లింది. ఆ నిషేధం వర్తించే ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వమూ ఉందని, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుగా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 2001 బాల్కో కేసులో అదే కోర్టు ఆ తీర్పుపై సందేహాలు వెలిబుచ్చింది. అయినా సమతా లేవనెత్తిన సూత్రం జంషెడ్‌పూర్‌కూ వర్తించవలసినదే. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా మొత్తం ఐదవ షెడ్యూల్ కిందిదే. రైతును వ్యాపారి నుంచి కాపాడే చట్టం, రాజ్యం నుంచి కాపాడకపోతే ఆ రక్షణ సగమే.

సేకరించిన భూమి వెనక్కి రాదన్న నమ్మకం ఒకసారి వమ్మయింది కూడా. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా లోహండీగూడలో టాటా స్టీల్ కోసం 10 గ్రామాలలో సేకరించిన భూమిలో కర్మాగారం రాలేదు. 2018 చివర అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం ఆ నేలను 1,700 మందికి పైగా రైతులకు తిరిగి ఇచ్చింది. అదే కంపెనీ పేరు, సాక్చి నాటి పద్ధతి వంటి పద్ధతి, ఫలితం మాత్రం వేరు. మధ్యలో మారినది రైతు గొంతుకు ఎన్నికలలో వచ్చిన విలువ.

సాక్చిని పొలంగా మార్చమని ఎవరూ అడగడం లేదు. లక్షల మందికి బతుకునిచ్చిన నగరమది. కానీ లీజు పొడిగింపు, బస్తీల హక్కు, కౌలు చట్టం సవరణ చర్చకు వచ్చిన ప్రతిసారీ ప్రభుత్వాలు వాటిని మూడు వేరువేరు ఫైళ్లుగా చూస్తున్నాయి. నిజానికి మూడింటిలోనూ తేలవలసిన విషయం ఒకటే: నేల చేతులు మారేటప్పుడు సమ్మతి ఎవరిది? 1908 చట్టం ఆ అధికారాన్ని డిప్యూటీ కమిషనర్‌కు ఇచ్చింది. గ్రామసభకు దానిని బదలాయించే వరకు, రైతును కాపాడుతున్నామనే సవరణా, రైతుకు స్వేచ్ఛ ఇస్తున్నామనే సవరణా అతని సంతకం లేకుండానే సాగిపోతాయి.