జాబితాకెక్కిన పిల్లలు: అట్లాంటా హత్యలు, ముగ్గురు రచయితలు

1979 అక్టోబరు 21న అమెరికాలోని అట్లాంటా నగరంలో యూసఫ్ బెల్ అనే తొమ్మిదేళ్ళ నల్లజాతి కుర్రవాడు, పొరుగింటావిడకు ముక్కుపొడుం తెచ్చిపెట్టడానికి దుకాణానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. నవంబరు 8న పాడుబడిన ఒక బడి భవనంలో అతని శవం దొరికింది. అప్పటికే ఆ నగరంలో నల్లజాతి పిల్లలు మాయమవుతున్నారు, శవాలై దొరుకుతున్నారు. కాని వాటి మధ్య సంబంధం ఉన్నదని ఒప్పుకోవడానికి అధికారులకు చాలా నెలలు పట్టింది. ఇళ్ళు వదిలి పారిపోయే పిల్లలనీ, వీధుల్లో తిరిగే పిల్లలనీ అన్నారు. వీధుల్లో తిరిగిన మాట నిజమే. సంచులు మోసి, చిల్లర సామాన్లు అమ్మి నాలుగు డబ్బులు ఇంటికి తెచ్చే పిల్లలు వీధుల్లో కాక మరెక్కడ తిరుగుతారు?

యూసఫ్ తల్లి కమీల్ బెల్ 1980లో పిల్లల్ని పోగొట్టుకున్న మరికొందరు తల్లులను కూడగట్టి, పిల్లల హత్యలను ఆపాలని ఒక కమిటీ స్థాపించింది. ఆ ఏడు జూలైలో గాని ప్రత్యేక పోలీసు దళం ఏర్పడలేదు. చరిత్రకారుడు ఈ క్రమాన్ని తిరగవేయకూడదు. ప్రభుత్వం కదిలాక తల్లులు అందులో చేరలేదు. తల్లులు కదిపాక ప్రభుత్వం కదిలింది. ఇందుకు వారికి దక్కిన ప్రతిఫలం అనుమానం. తల్లిదండ్రులకు అబద్ధాలు పట్టే యంత్రంతో పరీక్షలు చేశారు. 1981లో ఒక ఎఫ్.బి.ఐ. అధికారి, ఈ పిల్లల్లో కొందరిని కన్నవారే చంపారని బహిరంగంగా అనగలిగాడు.

ఇక్కడ సులభ సూత్రానికి లొంగని విషయం ఒకటుంది. ఆనాటి అట్లాంటా మేయరు మేనార్డ్ జాక్సన్ నల్లజాతివాడు, 1973లో ఎన్నికైన తొలి నల్లజాతి మేయరు. పోలీసు శాఖ పైఅధికారీ నల్లజాతివాడే. ద్వేషించడానికి తీరిక లేనంత పనిలో ఉన్న నగరమని అట్లాంటా వ్యాపారవర్గం దశాబ్దాలుగా చాటుకుంటూ వచ్చింది. 1980లోనే అక్కడి విమానాశ్రయానికి బ్రహ్మాండమైన కొత్త భవనం తెరిచారు. పెట్టుబడి రావాలి, సమావేశాలు జరగాలి, హోటళ్ళు నిండాలి. అధికార పీఠం మీద చర్మపు రంగు మారింది. పేదపేటలో పిల్లవాడి ప్రాణం విలువ మాత్రం మారలేదు. అయితే మేయరును ద్రోహి అని ఒక్క మాటతో తీసిపారేయడం కూడా సరికాదు. తెల్ల పెట్టుబడికీ, తనకు ఓటు వేసిన పేటలకూ మధ్య నిలబడ్డ మనిషి అతడు. ఆ నిలబడ్డ చోటునే పరిశీలించాలి.

1980 అక్టోబరులో బోవెన్ హోమ్స్ అనే పేదల గృహసముదాయంలో శిశు సంరక్షణ కేంద్రం బాయిలరు పేలి నలుగురు పసివాళ్ళు, ఒక ఉపాధ్యాయిని మరణించారు. ప్రమాదమని అధికారులు చెప్పారు. చాలామంది నమ్మలేదు. నమ్మకపోవడానికి వారికి ఎన్నో తరాల అనుభవం ఉంది.

1981 జూన్‌లో వేన్ విలియమ్స్ అనే ఇరవైమూడేళ్ళ నల్లజాతి యువకుణ్ణి అరెస్టు చేశారు. 1982 ఫిబ్రవరిలో రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. శిక్ష పడింది ఇరవైయేడేళ్ళ మనిషినీ, ఇరవైయొక్కేళ్ళ మనిషినీ చంపాడన్న నేరానికి. పిల్లల హత్యల విషయంలో అతని మీద అభియోగమే లేదు. ఒకే పోలిక ఉన్నదంటూ మరి పది మరణాలను సాక్ష్యంగా కోర్టు ముందుంచారు. దుస్తుల మీద దొరికిన నూలుపోగులు, తివాచీ పోగులు ప్రధానాధారాలు. తీర్పు వచ్చాక ఇరవైకి పైగా మరణాలను అతని ఖాతాలో వేసి దస్త్రాలు మూసేశారు. 1983లో రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పును సమర్థించగా ఒక న్యాయమూర్తి విభేదించాడు. విలియమ్స్ అమాయకుడని నేను వాదించడం లేదు. అతడు దోషి అయినా, యూసఫ్ బెల్ హత్య మీద ఏ న్యాయస్థానమూ ఎవరినీ విచారించలేదన్నది అలాగే మిగిలిపోతుంది. కమీల్ బెల్ ఆ ముగింపును ఒప్పుకోలేదు.

ఇక జాబితా సంగతి. ప్రత్యేక దళం తయారుచేసిన పట్టికలో ఇరవై తొమ్మిదిమంది వరకు పిల్లలు, యువకులు ఉన్నారు; వారిలో బాలికలు ఇద్దరే. పోలీసు ఉద్యోగం విడిచిన చెట్ డెట్లింగర్ 1984లో మరొకరితో కలిసి రాసిన పుస్తకానికి పేరే 'ది లిస్ట్'. పట్టికకు ఎక్కనివాళ్ళు ఇంకా ఉన్నారని అతని వాదన. చచ్చిపోయిన బిడ్డకు సైతం పట్టికలో చోటు కోసం తల్లి పోరాడవలసి వచ్చింది.

ఈ చీకట్లోకి మొదట వచ్చిన పెద్ద రచయిత జేమ్స్ బాల్డ్విన్. ఫ్రాన్సులో ఉంటున్న ఆయన ఒక పత్రిక కోరిక మీద అట్లాంటా వచ్చాడు. ఆ వ్యాసం 1985లో 'ది ఎవిడెన్స్ ఆఫ్ థింగ్స్ నాట్ సీన్' అనే పుస్తకంగా పెరిగింది. ఇద్దరు పెద్దల హత్యకు విచారణ జరుపుతూ, పిల్లల మరణాల బరువంతా త్రాసులో వేశారన్నది ఆయన ఆక్షేపణ. పుస్తకం తిన్నగా నడవదు. దారి తప్పుతుంది, బోధిస్తుంది, చెప్పిందే చెబుతుంది. ఆనాటి సమీక్షకులు పెదవి విరిచారు. లోపాలు నిజమే. ఒక మనిషి తన ప్రతి వాక్యాన్నీ అనుమానిస్తూ రాస్తే ఇలాగే ఉంటుందేమో. డిటెక్టివు పుస్తకాల నున్నదనంతో పోలిస్తే నాకీ గరుకుతనమే నమ్మదగినదిగా తోస్తుంది.

టోనీ కేడ్ బంబారా పద్ధతి వేరు. ఆమె అట్లాంటాలోనే, ఆ భయంలోనే కాపురమున్నది. సుమారు పన్నెండేళ్ళు ఒకే నవల మీద పనిచేసి 1995లో కన్నుమూసింది. ఆ విస్తారమైన వ్రాతప్రతిని టోనీ మారిసన్ పరిష్కరించగా 'దోజ్ బోన్స్ ఆర్ నాట్ మై చైల్డ్' 1999లో వెలువడింది. ఆరువందల పైచిలుకు పుటలు. తప్పిపోయిన కొడుకును వెదికే జాలా అనే తల్లి కథ. పోలీసులు చేయని పనిని వాడవాళ్ళు చేస్తారు. వివరాలు పోగుచేస్తారు, పటాలు గీస్తారు, ఒకరితో ఒకరు పోట్లాడతారు. ఆ వివరాల బరువుకు కథ చాలాచోట్ల కుంగిపోతుంది. సంక్షిప్తం చేసి ఉంటే పఠనీయత పెరిగేదనే మిత్రులున్నారు. పెరిగేది. కాని దర్యాప్తు దస్త్రాన్ని రాజ్యం మూసేసినప్పుడు నవల మరో దస్త్రం కావలసి వచ్చింది. బంబారా బాలుడు బతికే తిరిగివస్తాడు. ఏం జరిగిందో మాత్రం చెప్పలేడు, చెప్పడు. ఆ మౌనం దగ్గర నవల తన అసలు కష్టాన్ని ఎదుర్కొంటుంది.

తయారీ జోన్స్ ఆ రోజుల్లో అట్లాంటాలో బడికి వెళ్ళే పిల్ల. 2002లో వచ్చిన ఆమె తొలి నవల 'లీవింగ్ అట్లాంటా' ముగ్గురు అయిదో తరగతి పిల్లల చూపులో నడుస్తుంది. హంతకుడెవరన్న ప్రశ్నను పక్కన పెట్టి, తరగతిలో ఖాళీ అయిన బెంచీనీ, ఆటల్లో అలకలనూ, పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకోవడాన్నీ రాసింది. చనిపోయిన పిల్లలను ఫోటోలోని నవ్వులుగా కాక, అసూయలూ అబద్ధాలూ ఉన్న పిల్లలుగా చూపిన రచన ఇది. ముగ్గురిలో నాకు దగ్గరగా తోచినదీ ఇదే.

2019 మార్చిలో మేయరు కీషా లాన్స్ బాటమ్స్ పాత సాక్ష్యాలను నూతన పద్ధతులతో తిరిగి పరీక్షింపజేస్తామని ప్రకటించింది. హత్యల కాలంలో ఆమె కూడా ఆ ఊరి పిల్లే. 2021లో కొన్ని ఆధారాలను ఒక ప్రయోగశాలకు పంపారు. ఆ తరువాత సిటీ హాలు వద్ద పిల్లల పేర్లతో ఒక గోడ, ఆరని జ్యోతి నిలిపారు. దీపం వెలిగించింది ఏ నగర పాలన దస్త్రాలు మూసిందో ఆ నగర పాలనే. నలభై ఏళ్ళ తర్వాత గోడ మీద యూసఫ్ బెల్ పేరు ఉంది. ఆ పేరుతో ఏ కోర్టులోనూ ఇంతవరకు విచారణ జరగలేదు.