రంగము ప్రయాణములు: తోడి బాటసారుల చరిత్ర

వ్యాసభారతమున అరణ్యపర్వమునందు యక్షుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలలో మిత్రుని గూర్చిన దొకటి యున్నది. ఇంటనున్న గృహస్థునకు భార్యయే మిత్రమనియు, పరదేశమునకు పోవువానికి తోడి బాటసారుల సమూహమే మిత్రమనియు ధర్మరాజు బదులు చెప్పెను. పండితులు ఈ ఘట్టమును ధర్మబోధగా చదువుదురు. కోస్తా తెలుగువాడు దీనిని తన పూర్వుల చరిత్రగా కూడ చదువవచ్చును. ఏలయన, సుమారు నూరేండ్లపాటు మన తీరప్రాంతపు గ్రామములనుండి మగవారు గుంపులుగా సముద్రము దాటి బర్మాకు పోయిరి. భార్యలు పెక్కుమంది ఇండ్లకడనే యుండిరి. ధర్మరాజు చెప్పిన మిత్రు లిరువురును ఆ విధముగా రెండు దరులకు వేరైరి. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఆ ప్రయాణముల కథను పాఠక మహాశయులకు సంగ్రహముగా విన్నవించుచున్నాను.

రంగూను పట్టణమును మనవారు రంగమనిరి. బంగాళాఖాతమునకు ఆవలి యొడ్డు మనకు క్రొత్తది కాదు. గోదావరి సముద్రమున గలియుచోట నున్న కోరంగి రేవు, ఓడల నిర్మాణమునకును మరమ్మతులకును ఒకప్పుడు పేరుపొందినది. 1789లోను, 1839లోను వచ్చిన ఘోరమైన తుపానులు ఆ రేవును దెబ్బతీసెను. రేవు క్షీణించినను పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలుచుట పరిపాటియయ్యెను. శ్రీకాకుళమువాడైనను, విశాఖపట్టణమువాడైనను, గోదావరివాడైనను అక్కడ కోరంగీయే.

ఆంగ్లేయులు బర్మాను మూడు యుద్ధములలో వశపరచుకొనిరి. 1826లో అరకాను, తెనాసరిము వారి చేజిక్కెను. 1852లో రంగూనుతో కూడిన దిగువ బర్మా, 1885లో మిగిలిన రాజ్యము పోయెను. ఐరావతీ నది డెల్టాలోని అడవులు నరికి వరిపొలములు చేసిరి. 1869లో సూయజు కాలువ తెరువబడిన పిమ్మట ఐరోపాకు ఓడల దారి తగ్గెను. బియ్యపు వర్తకము పెరిగెను. రంగూను నది యొడ్డున మిల్లులు లేచెను. పొలముపని బర్మీయులు చేసికొనుచుండగా, మిల్లులలో బస్తాలు మోయుటకును, రేవులో సరకు ఎక్కించి దింపుటకును, రిక్షాలు లాగుటకును, వీధులు ఊడ్చుటకును మనుష్యులు కావలసివచ్చిరి. ఇటు మన తీరమున భూమిలేని కుటుంబములు పెక్కు. 1866లో గంజాము ప్రాంతమును పీడించినటువంటి కరవులు అడపాదడపా వచ్చుచునే యుండెను. అటు పని, ఇటు ఆకలి, నడుమ పొగయోడ.

కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులనుండి పొగయోడలు రంగూనుకు నడచెడివి. కాకినాడయొద్ద సముద్రము లోతు తక్కువగుటచే పెద్ద యోడలు దూరముగా లంగరు వేసెడివి. జనులను నావలలో తీసికొనిపోయి ఎక్కించెడివారు. కూలివానికి దొరకునది ఓడపై తట్టున ఆరుబయటి చోటు. ఎండకు వానకు ఓర్చుకొని, మూటయే తలగడగా కొన్ని దినములు గడపవలెను. కులము, వంట, నీరు అను కట్టుబాట్లన్నియు ఆ కొద్దిపాటి చోటులో సర్దుకొనవలసివచ్చెను. అట్టిచోట తెలిసిన ముఖము ప్రక్కన నుండుట ఎంత ధైర్యమో ఊహింపవచ్చును.

ఇచ్చట మేస్త్రీని గూర్చి చెప్పక తప్పదు. మేస్త్రీ సాధారణముగా లోగడ బర్మాలో పనిచేసి తిరిగివచ్చినవాడు. తన యూరను, చుట్టుప్రక్కల యూళ్లలోను తిరిగి మనుష్యులను కూడగట్టెడివాడు. ఓడకూలియు, ఇంటివారి ఖర్చునకు కొంత సొమ్మును బయానాగా ఇచ్చెడివాడు. ఆ బాకీ తీరువరకు కూలివాడు అతని గుంపును విడువరాదు. రంగూను రేవులో గుంపు మేస్త్రీపై పెద్ద మేస్త్రీ, అతనిపై కాంట్రాక్టరు ఉండిరి. కంపెనీ ఇచ్చిన కూలి ఈ మెట్లన్నియు దిగి కూలివానిని చేరునప్పటికి తరిగిపోవుచుండెను. అయినను ఆ గుంపులో బావమరదులు, పినతండ్రి కొడుకులు, ఒకే వీధిలో పుట్టి పెరిగినవారు ఉండిరి. జ్వరము వచ్చిన గంజి కాచువారు వారే. ఇంటికి జాబు వ్రాయించువారు, మనియార్డరు పంపించువారు వారే. ఈ విధముగా ఒకే త్రాటికి రెండు కొనలుండెను: ఒక కొన ఋణము, రెండవది స్నేహము. మేస్త్రీని కేవలము పీడకుడనియో, కేవలము ఉపకారియనియో తీర్పు చెప్పుట సత్యమునకు దూరము.

1920ల చివరి సంవత్సరములలో భారతదేశమునుండి ఏటేట మూడు నాలుగు లక్షలమంది బర్మా తీరమున దిగుచుండిరి. అంతకు కొంచెము తక్కువగా తిరిగి వచ్చుచుండిరి. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు 10 లక్షలకు పైగా తేలిరి. రంగూను నగరమున సగముకంటె ఎక్కువమంది భారతీయులే. తెలుగువారిలో స్త్రీల సంఖ్య మిక్కిలి స్వల్పము. లెక్కలు వ్రాసికొను వృత్తిలోని వాడను గనుక నాకీ అంకెలలో కనబడునది వేరొకటి. అక్కడ స్త్రీలు లేరనగా, ఇక్కడ పొలముపని, బిడ్డల పెంపకము, అత్తమామల సేవ, అప్పులవాని తగాదా, ఇవన్నియు ఒంటిచేతితో నడపిన స్త్రీలు వేలకొలదిగా ఉండిరని అర్థము. ఓడ ఎక్కినవారిని రేవులో లెక్కించిరి. ఇంట నిలిచినవారిని ఎవరును లెక్కింపలేదు.

పరదేశమున గుంపుగా నుండుట రక్షణయే గాక అపాయము కూడ కావచ్చునని 1930లో తెలిసివచ్చెను. ఆ ఏడు మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె చేసిరి. ఓడ సరకు దింపుటకు బర్మీయులను నియమించిరి. సమ్మె ముగిసి మనవారు పనిలోనికి రాగా బర్మీయులు పని పోగొట్టుకొనిరి. ఇరువురును బీదలే, ఇరువురకును ఆ దినపు కూలియే ఆధారము. మే 26న మొదలైన కొట్లాటలలో నూరుమందికి పైగా మరణించిరి, వందలకొలది గాయపడిరి. చనిపోయినవారిలో అత్యధికులు మనవారే. పిమ్మట 1937లో బర్మా భారతదేశమునుండి పరిపాలనలో వేరుపడెను. 1938లో మరల అల్లరులు చెలరేగెను. చిరకాలము పొరుగూరివలె నున్న రంగము నిజముగా పరదేశమయ్యెను.

1941 డిసెంబరు 23న జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసెను. ఆనాడును, రెండు దినముల పిమ్మటను పడిన బాంబులకు వేలమంది బలియైరి. రేవు కూలీలు, మిల్లు కూలీలు, వర్తకులు, గుమాస్తాలు ఇండ్లు విడిచి పారిపోయిరి. ఓడలలో చోటు కొందరికే దొరికెను. 1942 మార్చి 8న నగరము జపానువారి వశమయ్యెను. మిగిలినవారికి కాలినడకయే శరణ్యమయ్యెను. కొందరు ప్రోము పట్టణమునుండి కొండలు దాటి టాంగుపు మీదుగా అరకాను తీరము చేరి చిట్టగాంగువైపు నడచిరి. కొందరు తాము మీదుగా మణిపురములోని ఇంఫాలునకును, అచటనుండి దిమాపూరునకును వచ్చిరి. ఆలస్యముగా బయలుదేరినవారు ఉత్తరమున హుకాంగు లోయలోబడి అస్సాములోని లేడో చేరవలసివచ్చెను. వారిని వానలు పట్టుకొనెను. కలరా, మలేరియా, గ్రహణి, ఆకలి ఈ దారులన్నింటను తోడునడచెను. తెల్లవారికి మెరుగైన దారియు, భారతీయులకు కష్టమైన దారియు చూపిరని ఆనాడు మన దేశమున తీవ్రమైన విమర్శ బయలుదేరెను. అస్సాము తేయాకు తోటలవారు దారిలో మకాములు వేయించి అన్నము, తేనీరు ఇప్పించుట వేలమందికి ప్రాణదానమయ్యెను. నడచివచ్చినవారు నాలుగు లక్షలకు పైబడిరని అంచనా. దారిలో రాలిపోయినవారు పదివేలనుండి ఏబదివేల వరకును, అంతకు మించియు ఉందురని చరిత్రకారుల అంచనాలు పలువిధములుగా నున్నవి.

ధర్మరాజు మాట నిజముగా పరీక్షకు వచ్చినది అప్పుడే. అట్టి దారిలో ఒంటరివాడు జ్వరముతో కూలబడినచో వాని పేరు చెప్పువాడు లేడు. గుంపులోనివాడు కూలబడినచో నీరు పోయుటకో, చేయిపట్టి లేపుటకో, కడపట ఇంటికి వార్త చేర్చుటకో ఒకడు మిగులును. మహాప్రస్థానమున ధర్మరాజు పడిపోయిన తమ్ములను వెనుదిరిగి చూడక నడచెను. అట్టివాడే వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కనొల్లడయ్యెను. బిడ్డను ఎత్తుకొనవలెనా, బియ్యపుమూట నెత్తుకొనవలెనా, జ్వరపీడితుని కొఱకు ఒక దినము ఆగవలెనా, వానలు రాకమున్నే సాగిపోవలెనా అను ధర్మసందేహము ఆ కొండదారులలో చదువురాని కూలివానికి కూడ కలిగియుండును. వారెట్లు తీర్చుకొనిరో తీర్పు చెప్పుటకు మనమెవరము?

యుద్ధము ముగిసిన పిమ్మట కొందరు మరల పోయిరి. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. 1962లో సైన్యము అధికారము చేపట్టెను. 1963, 1964 సంవత్సరములలో అంగళ్లు, వ్యాపారములు జాతీయము చేయబడెను. 1964లో పెద్దనోట్లు చెల్లకుండ బోయెను. లక్షలకు లెక్కింపదగిన భారతీయులు చేతిసంచులతో తిరిగివచ్చిరి. ఈ పర్యాయము భార్యాబిడ్డలతో వచ్చినవారు పెక్కుమంది. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేరు ఆ రాకకు గురుతుగా నిలిచియున్నది. రాలేక, రానొల్లక అక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబములు ఆ దేశమున నేటికిని కలవు.

ఈనాడు గోదావరి జిల్లాలనుండి కువైటు మొదలగు దేశములకు పోవువారిలో స్త్రీలును పెక్కురు. పొగయోడ పోయి విమానము వచ్చినది; బయానా ఇచ్చు మేస్త్రీకి మారుగా ఏజెంటు వచ్చినాడు. బాకీ మాత్రము మారలేదు. విమానమున ఒంటరిగా పోవువానికి గుంపు యొక్క బరువు లేదు, గుంపు యొక్క అండయు లేదు. కావున పోవువారు ఎవరి పూచీమీద పోవుచున్నారో, అచ్చట తెలిసినవా రెవరున్నారో ఇంటివారికి వ్రాసి ఇచ్చి పోవుట మేలు.

మన గ్రంథాలయమునకు ఒక మనవి. రంగము పోయివచ్చినవారి బిడ్డలు, మనుమలు మన నడుమ నున్నారు. వారి యిండ్ల పెట్టెలలో పాత జాబులు, మనియార్డరు రసీదులు, ఓడ టిక్కెట్లు ఉండవచ్చును. ఒక బైండు పుస్తకము తెరచి మూడు గళ్లు గీయుదము: ఎవరు పోయిరి, ఎవరితో పోయిరి, ఎవరు వచ్చి వార్త చెప్పిరి. నాలుగవ గడియందు ఆ కాలమున ఇంట నిలిచి సంసారము నడపిన స్త్రీ పేరు తప్పక వ్రాయుదము. ప్రభుత్వపు లెక్కలలో వీరందరు అంకెలు మాత్రమే. మన పుస్తకములో వారు పేర్లతో నుందురు. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకమును నింపి చదువరుల చేతికి ఇచ్చుగాక!