మొదలు ఏ రాక్షసుణ్ణి దించుదాం?

దసరా సెలవులకు మా చెల్లె కొడుకు హైదరాబాద్ నుంచి బుగ్గారం వచ్చి, బ్యాగులోంచి బట్టలకన్నా ముందు మూడు లావు పుస్తకాలు తీసి మంచం మీద పేర్చాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటవి. నలుగురైదుగురు గుండ్రంగా కూచుంటారు. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక వీరుడై అందులోకి దిగుతారు. "నేను తలుపు నెడతా" అని ఒకడంటే, తెరుచుకుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ ఒక్క రాత్రితో తీరదు, నెలల తరబడి సాగుతుంది. వాడలో ఐదుగురు పిల్లల్ని పోగేసి, సెలవులయ్యేలోపు అలాంటి కథ ఒకటి తెలుగులో మొదలుపెట్టాలని వాడి పట్టుదల.

"మామా, ఏ పుస్తకం ముందల పెట్టుకుందాం? మొదలు ఏ రాక్షసుణ్ణి దించుదాం?"

వాడి మూడు పుస్తకాల్లో ఒకటి పూర్తిగా రాక్షసులదే. పేజీలు తిప్పుతుంటే ఒకచోట మన మాటే కనబడింది: రాక్షస. పక్కన బొమ్మ. పట్టు అంగీ, పులి తల, అరచేతులు వెనక్కి తిరిగి ఉన్నాయి. చాలాసేపు దాన్నే చూశాను. మన పేరు పెట్టుకున్నవాడు మనకు బొత్తిగా తెలియని ముఖంతో కూచున్నాడు.

వాడి చరిత్ర మా అల్లుడే చెప్పాడు, నేను తర్వాత చదువుకున్నాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో ఈ ఆటను తెచ్చారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరు దీనికి పుట్టిల్లు. ఒక డబ్బాలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి విడత 1000 డబ్బాలు. అదే ఏడు డిసెంబర్‌లో అక్కడి టీవీలో కోల్చాక్ అనే భయానక కథల వరుసలో రాక్షసుడి కథ ఒకటి వచ్చింది. అందులో ఆ రాక్షసుడు ఎదుటివాడు నమ్మిన మనిషి రూపంలో వచ్చి చంపుతాడు. మంత్రించిన బాణంతోనే చస్తాడు. ఆ కథ నుంచి వాడు ఆటలోకి దూరాడు. 1977లో వచ్చిన రాక్షసుల పుస్తకంలో 350కి పైగా జీవాల మధ్య పులి తలతో స్థిరపడ్డాడు. వాల్మీకి నుంచి కాదు, టీవీ నుంచి వెళ్లాడన్నమాట. నాకు దాని మీద కోపం లేదు. కథలు అలాగే ప్రయాణం చేస్తాయి. కానీ పులి దగ్గర నా మనసు ఆగిపోయింది. నాకు తెలిసిన రాక్షస కథలో పులి అటువైపు ఉండదు, మావైపు ఉంటుంది.

మాది పద్మశాలి ఇల్లు. నాన్న మగ్గం వదిలి భివండి పోయాడు. అమ్మ ఇంట్లో బీడీలు చేసేది. సంక్రాంతికి మమ్మల్ని కోరుట్లలో అమ్మమ్మ ఇంటికి పంపేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు అక్కడ సాలెవాడకు కూనపులివాళ్లు వచ్చారు. పద్మశాలీల పురాణం చెప్పడం వాళ్ల వృత్తి, వాళ్లకు కట్నం ఇచ్చుకోవడం మా బాధ్యత. రెండు గుంజలు పాతి అడ్డకర్ర కట్టి దానికి పటం వేలాడదీశారు. మూరల కొద్దీ బట్ట. పైన ముందు వినాయకుడు. కథ నడిచినకొద్దీ కింద చుట్టిన బట్ట విప్పుతూ పోతారు. నేల ఎరుపు, దాని మీద బొమ్మలు వరుసలు వరుసలుగా. వీటిని వేసేవాళ్లు చేర్యాల నకాషీలు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆరాక దాని మీద రంగులు వేస్తారు.

కూనపులి పెద్దాయన చేతికర్రతో ఒక్కో బొమ్మను ముట్టుకుంటూ పాడాడు. మార్కండేయుని కొడుకు భావనారుషి, తామర తూటి నారతో దేవతలకు బట్ట నేసినవాడు. రాత్రి నడిజాము దాటాక కాలవాసురుడు దిగాడు. నీలపు ఒళ్లు, కోడిగుడ్లంత కళ్లు, నోటికి రెండు వైపులా కోరలు. ఎదురుగా పచ్చని పులి మీద భావనారుషి. పెట్రోమాక్స్ గాలికి ఊగినప్పుడల్లా ఆ పులి కదిలినట్టే ఉండేది. నేను అమ్మమ్మ కొంగులో ముఖం పెట్టుకొని ఒక కన్నుతో చూశాను. ఆ రాత్రి నుంచి నాకు రాక్షసుడంటే కాలవాసురుడే. రామాయణంలోవాళ్లు ఆ తర్వాత వచ్చారు.

పటం మొదలుపెట్టేముందు పెద్దాయన కులపెద్దల్ని ఒక మాట అడిగాడు: "ఈ రాత్రి ఎక్కడిదాకా దించాలె?" ఏ పురాణం చెప్పాలని మాత్రం అడగలేదు. ఆ అవసరం లేదు. సాలెవాడకు వచ్చాడంటే భావనారుషి కథే. తెలంగాణలో ఆ లెక్క మొదటినుంచీ ఉన్నది. ముదిరాజుల వాకిట్లో కాకిపడగలవాళ్లు పాండవుల కథ విప్పుతారు. యాదవుల మందలో మందహెచ్చులవాళ్లు కాటమరాజు కథ చెబుతారు. వాళ్లది పటం కాదు, కర్రబొమ్మలు. కురుమలకు ఒగ్గువాళ్లు బీరప్పను, మల్లన్నను పాడతారు. మాదిగవాడలో డక్కలివాళ్లు జాంబపురాణం పటం చూపిస్తారు, చిందువాళ్లు అదే పురాణాన్ని వేషం కట్టి ఆడతారు. ఒక్కో వాడకు ఒక్కో పుస్తకం. ఆ పుస్తకాన్ని తరతరాలుగా మోసే ఇల్లు ఒకటి. బట్ట జీర్ణమైతే దాన్ని పారెయ్యరు. పెద్దమనిషిని సాగనంపినట్టు పూజ చేసి నీళ్లలో కలుపుతారు.

ఇందులో నన్ను బాధపెట్టే సంగతి కూడా ఉన్నది. పక్కవాడ పటం మాకు తెలియదు. నలభై ఏళ్లు వచ్చేదాకా జాంబపురాణం పేరు కూడా నేను వినలేదు. మా ఇంటికీ ఆ వాడకూ మధ్య దూరం రెండు వీధులే. ఎంత గొప్ప కథైనా దాన్ని వినే హక్కు పుట్టుకతో వచ్చేది.

అందుకే అల్లుడి ప్రశ్నకు ఎదురు ప్రశ్న వేశాను. "ముందు చెప్పు, ఎవరెవరు ఆడుతరు?" వాడు ఐదుగురి పేర్లు చెప్పాడు. ఐదుగురివి ఐదు వాడలు. "అయితే నీ పుస్తకాలు ఐదు. ఒక్కొక్కళ్లను వాళ్ల తాతనో నాయనమ్మనో అడిగి రమ్మను."

ఇక రాక్షసుడి సంగతి. వాడి పుస్తకంలో ప్రతి జీవానికీ ఇంత ప్రాణం అని అంకె ఉంటుంది. కొట్టినకొద్దీ అంకె తగ్గుతుంది, సున్నా అయితే చస్తుంది. మనవాళ్లు రాక్షసుణ్ణి అంకెతో కొలవలేదు, వరంతో కొలిచారు. ఆ కొలత నేను నేర్చుకున్నది ధర్మపురిలో, బుగ్గారం నుంచి అదెంతో దూరం లేదు. 2016లో జగిత్యాల జిల్లా అయ్యేదాకా మా మండలం కూడా అదే. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని ఈ ప్రాంతంలో సామెత, యమధర్మరాజుకు అక్కడ గుడి కూడా ఉంది. చిన్నప్పుడు గోదావరి స్నానం చేసి తడిబట్టలతో నరసింహస్వామి ముందు నిలబడితే, మా అమ్మ కథ చెప్పకుండా ప్రశ్న అడిగేది. "పగలు చావడు, రాత్రి చావడు. ఇంట్ల చావడు, బయట చావడు. నేల మీద చావడు, ఆకాశంల చావడు. మనిషి చంపలేడు, జంతువు చంపలేదు. ఏం చేస్తవురా?" నేను ఒక్కోటీ విప్పుకుంటూ పోవాలి. పొద్దుగూకే వేళ. గడప. తొడ. నరసింహం. ఎంత పెద్ద కోటకైనా ఒక సందు ఉంటుందనీ, దాన్ని మాటల్లోనే వెతకాలనీ ఆ గుడి ముందు నేర్చుకున్నాను.

రావణుడు మనుషుల్నీ కోతుల్నీ లెక్కలోకి తీసుకోలేదు. మహిషుడు ఆడదాన్ని తీసుకోలేదు. భస్మాసురుడికి వరమే ఉరి అయింది. లేక్ జెనీవా రాక్షసుడికి కూడా మంత్రించిన బాణం అనే సందు మిగిలే ఉంది చూడండి. ముఖం మారినా ఆ ఒక్క గుణం సముద్రం దాటి పోయింది.

వరం లేనివాడు ప్రాణాన్ని ఎక్కడో దాచుకుంటాడు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. ఆ కథ అమ్మ బీడీలు చేస్తూ చెప్పేది. ఒళ్లో చాట, నానబెట్టిన తునికాకు, పక్కన కత్తెర. కొలతకు ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, రెండు బొటనవేళ్లతో చుట్టి, మూతి మడిచి, దారం రెండు చుట్లు తిప్పి లాగేది. బాలవర్ధిరాజు చిలుకను పట్టుకున్నాడు అనగానే దారం చుట్టిన వేలు ఆగిపోయేది. మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. చటుక్కున దారం తెగేది. చిలుక మెడ విరిగినట్టు నాకు వినబడేది. రోజుకు వెయ్యి బీడీలు చేసిన రోజున వెయ్యిసార్లు ఆ దారం తెగాలి. కథ ఎక్కడ ఆపాలో ఆమెకు ఆ దారమే నేర్పి ఉంటుంది.

అల్లుడు కథ నడిపే పద్ధతికి కూడా పుస్తకం అడిగాడు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు చేతిలో పెట్టాను. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు కాశీకి పోతూ పశువుల కాపరిని తోడు తీసుకుంటాడు. మజిలీ చేసిన ఊళ్లో కాపరికి ఏదో వింత కనబడుతుంది, ఇదేమిటని అడుగుతాడు, అక్కడ కథ పుడుతుంది. అడిగేవాడు లేకపోతే కథ లేదు. అల్లుడు వెంటనే ఆటలో ఒక్కో విడతకు 'మజిలీ' అని పేరు పెట్టాడు. అటకమీది చందమామలు కూడా దించాను. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్లు, చిత్ర గారి బొమ్మలు. లోయలు, శిథిలాలు, ద్వీపాలు కావాలంటే అవి చాలు, అంతకన్నా చెప్పక్కర్లేదు.

విజయదశమి మర్నాడు రాత్రి మా అరుగు మీద చాప పరిచాం. పిల్లలు తలా ఒకటి పట్టుకొచ్చారు. కురుమల పిల్లాడు మల్లన్న చేతిలో ఓడిన మణి, మల్లాసురుల్ని తెచ్చాడు. మా పక్కింటి పిల్లాడికి కాలవాసురుడి పేరు తెలియదు, వాళ్ల తాతకు తెలుసు. మాదిగవాడ నుంచి వచ్చిన పదకొండేళ్ల పాప మాత్రం రాక్షసుణ్ణి తేలేదు. "భూమి పుట్టకముందే మా జాంబవుడు పుట్టిండట. ఆయనకు తెల్వని తొవ్వ లేదట. ఆయనను మన కథల తొవ్వ చూపెటోణ్ణి చేద్దాం" అంది. అందరూ ఒప్పుకున్నారు. అల్లుడు ఒక కాగితం మీద ఆ పేరు రాసుకున్నాడు.

తర్వాత మొదటి రాక్షసుడికి వరం ఇచ్చాడు. కత్తికి చావడు, కర్రకు చావడు, రాయికి చావడు, నీటికీ నిప్పుకూ చావడు, మంత్రానికీ మందుకూ చావడు. పిల్లలు పదకొండింటిదాకా కొట్లాడుకున్నారు. గాలి అన్నారు, ఆకలి అన్నారు, నవ్వు అన్నారు. ఒక్కొక్కదానికీ అల్లుడు పాచిక వేయించాడు, ఒక్కటీ నిలబడలేదు. పాచికలు మూటకట్టి మొదటి మజిలీ అక్కడ ఆపాడు.

తెల్లారి నేను వేపపుల్ల నములుతూ వాకిట్లో నిలబడి ఉంటే ఆ పాప పరుగెత్తుకొచ్చింది. జడ కూడా వేసుకోలేదు. వాళ్లమ్మ బీడీల చాటలోంచి తెచ్చినట్టుంది, పిడికిట్లో దారం రీలు ఉంది.

"తాతా, అన్నను లేపు. దారం అనలేదు గదా వాడు!"