కంఠమునందలి రాచపుండు - ఆయుర్నిర్ణయ చరిత్ర

శస్త్రచికిత్స ముగిసిన పిదప రోగి బంధువులు వైద్యుని అడుగు ప్రశ్న యొక్కటియే: "అయ్యా, ఇక భయము లేదు గదా? ఎన్నాళ్లు బ్రతుకును?" బందరులోనైనను, గుడివాడలోనైనను, దివిసీమయందలి నాగాయలంకలోనైనను ఈ ప్రశ్న మారదు. వైద్యుడు చెప్పు ప్రత్యుత్తరమునకు ఆధారము వెనుకటి రోగుల లెక్క. ఆ లెక్క ఎట్లు పుట్టెనో, అందు మన ప్రాంతమువారు చేయదగిన పని యేమో నేడు విచారింతము.

రోగము చూచి దాని గతిని ముందుగా చెప్పవలెనను కోరిక మిక్కిలి ప్రాచీనము. సుశ్రుతుడు వ్యాధులను సాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించి, కంఠరోగములలో స్వరఘ్నమును, మాంసతానమును అసాధ్యములలో చేర్చెను. వ్రేలాడు వాపుగా పెరిగి, క్రమముగా గొంతు నడ్డగించి ప్రాణము తీయునది మాంసతానము. అది నేటి రాచపుండే యని నిశ్చయించి చెప్పరాదు గాని పోలిక స్పష్టముగానే యున్నది.

ఈ వ్యాధికి ముఖ్యకారణములు పొగాకును, మద్యమును. రెండును కలిసినచో అపాయము మరింత హెచ్చును. పోర్చుగీసువారి మూలమున పొగాకు మన దేశమునకు వచ్చెను. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకశాలలు నెలకొల్పిన బందరు, 19వ శతాబ్దినాటికి నస్యమునకు కూడ పేరు వడసెను. డెల్టా పల్లెలలో చుట్ట నిత్యకృత్యమయ్యెను. నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగకును, నోటి రాచపుండునకును గల సంబంధమును విశాఖపట్టణపు వైద్యులు 1937లోనే చర్చించిరి.

ఇక శస్త్రచికిత్స మాట. రాచపుండు సోకిన స్వరపేటికను మొట్టమొదట పూర్తిగా తొలగించినవాడు వియన్నా నగరపు బిల్రోత్. అది 1873 డిసెంబరు 31వ తేది. రోగి కోలుకొని కృత్రిమ స్వరపేటికతో మాటాడెను గాని, వ్యాధి తిరుగబెట్టి సుమారు ఏడు నెలలకు మరణించెను. కత్తి విజయము వేరు, రోగి ఆయువు వేరు అని అప్పుడే తేటపడెను.

1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయెను. వెంటనే గొంతు తెరచి శస్త్రచికిత్స చేయవలెనని జర్మను వైద్యులనిరి. ముక్క పరీక్షలో రాచపుండు జాడ కానరాలేదని విర్కౌ చెప్పుటచే, ఆంగ్ల వైద్యుడు మెకంజీ మాటపై ఆ పని నిలిచిపోయెను. నవంబరునాటికి వ్యాధి నిశ్చయమయ్యెను. చక్రవర్తియై 99 దినములు మాత్రమే యేలి, 1888 జూన్ 15న అతడు మరణించెను. తొలుతనే కోసియున్నచో బ్రతికెడివాడా? ఉభయ పక్షములును వాదించినవి గాని, తేల్చుటకు చాలినంత రోగుల లెక్క ఆనాడు ఎవరియొద్దను లేదు.

ఆయువును నిర్ణయించు గుర్తులు క్రమముగా తెలిసివచ్చినవి. అమెరికాలోని క్రైల్ 1906లో 132 శస్త్రచికిత్సల వృత్తాంతము ప్రకటించి, మెడ బిళ్లలను కూడ తొలగించుట యెంత అవసరమో చూపెను. బిళ్లలకు ప్రాకినచో బ్రతుకు అవకాశము ఇంచుమించు సగమునకు తగ్గును. 1926లో ఇంగ్లండున గ్రీన్‌వుడ్, చికిత్స లేని రాచపుండు రోగి యెంతకాలము జీవించునో లెక్కించి, చికిత్స ఫలమును పోల్చుటకు కొలబద్ద నిచ్చెను.

1958వ సంవత్సరము ఈ చరిత్రలో ముఖ్యమైనది. వ్రణపు పరిమాణము, మెడ బిళ్లలు, దూరవ్యాప్తి - ఈ మూటినిబట్టి దశలు నిర్ణయించు అంతర్జాతీయ విధానము ఆ యేట మొదట స్తనమునకును, స్వరపేటికకును ప్రకటింపబడెను. ఆ యేడే కాప్లాన్, మేయర్ అను గణాంకవేత్తలు మరియొక చిక్కు విప్పిరి. చికిత్స పొంది, మరల కనబడని రోగిని ఏ పద్దులో వ్రాయవలెను? కడపట చూచిన దినమువరకు అతనిని లెక్కలో నుంచి, పిదప విడువవలెనని వారి పద్ధతి.

దృష్టాంతమునకు, నూరుగురికి శస్త్రచికిత్స జరిగెననుకొందము. మొదటి యేట 20 మంది చనిపోయిరి. మిగిలిన 80 మందిలో 20 మంది మరల రాలేదు. వచ్చిన 60 మందిలో రెండవ యేట 15 మంది పోయిరి. ఈ పద్ధతిని రెండేండ్లు జీవించువారు నూటికి 60 అని తేలును. రానివారందరు ఆ యేటనే మరణించియున్నచో నిజమైన సంఖ్య 45 మాత్రమే. అందరు బ్రతికియున్నచో 65. రానివారును వచ్చినవారివంటివారే యని నమ్మినప్పుడే ఈ లెక్క నిలుచును. ప్రయాణపు ఖర్చు లేక, శక్తి లేక మానినవారి విషయమున ఆ నమ్మకము చెల్లదు.

తరువాతి కాలమున గుర్తులు మరింత సూక్ష్మమైనవి. కోసిన అంచున వ్యాధి మిగిలినను, బిళ్ల పొరను చీల్చుకొని వెలికి వచ్చినను అపాయము హెచ్చు. అట్టివారికి కిరణచికిత్సతోపాటు మందు కూడ నిచ్చుట మేలని 1990 దశకమున ఆరంభమైన రెండు పెద్ద పరిశోధనలు 2004లో చూపెను. నాలుక మొదట, గవదబిళ్లలచెంత ఒక జాతి సూక్ష్మజీవివలన పుట్టు వ్రణములు మేలైన ఫలమిచ్చునని తెలిసి, 2017నుండి వానికి వేరు దశలు ఏర్పరచిరి. అచ్చటను పొగత్రాగువారికి ఆ మేలు తగ్గును.

మన దేశమున రాచపుండు రోగుల జాబితా కార్యక్రమము 1981లో ఆరంభమయ్యెను. జనసంఖ్య ననుసరించిన తొలి జాబితాలు బొంబాయి, బెంగుళూరు, మద్రాసు నగరములవి. గుడివాడ చెంతనున్న నిమ్మకూరున జన్మించిన నందమూరి తారక రామారావుగారి సతీమణి పేర 2000లో హైదరాబాదున రాచపుండు వైద్యశాల వెలసెను. 2023లో బందరున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమయ్యెను. వైద్యము చేరువగుచున్నది, లెక్క కూడ చేరువ కావలెను.

కావున రెండు మాటలు. మూడు వారములు దాటినను గొంతు బొంగురు పోనిచో, మ్రింగుట కష్టమైనచో, మెడలో బిళ్ల కనబడినచో తడయక వైద్యుని చూడుడు. స్వరతంత్రులపై పుట్టిన వ్రణము తొలినాళ్లలోనే గొంతు మార్చి హెచ్చరించును. అప్పుడు నయమగుట మెండు. శస్త్రచికిత్స పొందినవారు చుట్ట మాని, చెప్పిన గడువునకు మరల వెళ్లుడు. వ్యాధి తిరుగబెట్టుట హెచ్చుగా తొలి రెండేండ్లలోనే. వెళ్లలేకున్నను, రోగి గతించినను, ఇంటివారు ఆసుపత్రికి ఒక కార్డు వ్రాయుడు, లేదా ఫోనులో తెలుపుడు. అప్పుడు రేపు కోడూరునుండియో, అవనిగడ్డనుండియో వచ్చి "ఎన్నాళ్లు?" అని యడుగువానికి వైద్యుడు మనవారి లెక్కనే చూచి ప్రత్యుత్తరమీయగలడు.