పాత స్పీకర్లకీ స్టెబిలైజర్ కావాలి

నందిగామ, జగ్గయ్యపేట వైపు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 దాకా రావచ్చు. అందుకే ఫ్రిజ్‌తో పాటే స్టెబిలైజరూ కొంటాం. ఈ వోల్టేజీ బాధ ఇంగ్లండులో ఒక స్పీకరుకీ ఉంది.

1957లో పీటర్ వాకర్ గారి క్వాడ్ కంపెనీ ఈఎస్ఎల్ అనే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ని అమ్మకానికి పెట్టింది. పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద వేల వోల్టుల చార్జి, అటూ ఇటూ చిల్లుల ప్లేట్లు. ఆంప్లిఫయర్ సిగ్నల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ పెంచి ఆ ప్లేట్లకిస్తుంది. ఆ సిగ్నల్ 33 వోల్టులు దాటితే లోపల నిప్పురవ్వ లేచి పొరకి చిల్లు పడే ప్రమాదం ఉంది.

మరి రక్షణ? ఆంప్లిఫయర్ చిన్నది కావటమే! క్వాడ్ వాళ్ళ వాల్వు సెట్టు 15 వాట్లే. మన భాషలో చెప్పాలంటే, "యూజర్ అంత పెద్ద ఇన్‌పుట్ ఇవ్వడులే" అని రాసిన కోడ్ అన్నమాట.

1975లో వాళ్ళే 100 వాట్ల 405 తెచ్చారు. 8 ఓమ్‌ల దగ్గర అది 40 వోల్టుల పీక్. దానికి లిమిటర్ బోర్డు తగిలించాల్సొచ్చింది.

1981లో వచ్చిన ఈఎస్ఎల్-63 నాకు బాగా నచ్చింది. లోపల రవ్వ మొదలవగానే ఒక తీగ పసిగడుతుంది, ట్రయాక్ ఇన్‌పుట్‌ని షార్ట్ చేసేస్తుంది. దెబ్బ ఆంప్లిఫయర్ మీదకి పోతుందనుకోండి, అది వేరే సంగతి.

పాత 57 మోడల్లో ఇవేవీ లేవు. పైగా గోడ కరెంటు పెరిగితే లోపలి 6000 వోల్టులూ దాంతోపాటే పెరుగుతాయి. సెకండ్ హ్యాండ్‌లో కొని మన ఊళ్ళో పెట్టేవాళ్ళకి స్టెబిలైజర్ ఒక్కటే చాలదు, ఆంప్లిఫయర్ వైపు క్లాంప్ బోర్డు కూడా వేయించుకోవాలి.